వీధిపోటు

ఇల్లు కొనబోయే తెలుగువాడు ముందు నేల చూడడు, నీళ్ళు చూడడు. వీధిపోటు వుందేమో చూస్తాడు. నేల గుల్లదైతే పునాది లోతుగా తవ్వించుకోవచ్చు. నీళ్ళు లేకపోతే ట్యాంకరు తెప్పించుకోవచ్చు. వీధి తిన్నగా వచ్చి గుమ్మానికి గుచ్చుకుంటే మటుకు ఎవడేం చెయ్యగలడు? ఈశాన్యపు వీధిచూపు మంచిదనీ, నైరుతి పోటు కొంప ముంచుతుందనీ వాస్తు తెలిసినవాళ్ళు తేడాలు చెబుతారు. ఆ తేడాలన్నీ గుర్తుపెట్టుకునే ఓపిక లేనివాళ్ళు ప్రహరీగోడలో ఒక గూడు కట్టించి, అందులో చిన్న వినాయకుణ్ణి కూర్చోబెట్టి, "ఇక నీదే భారం స్వామీ" అని నిశ్చింతగా నిద్రపోతారు.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం — మా వైపు ఏ ఊరికి పోయినా కొత్తగా లేచిన కాలనీల్లో ఈ గోడ వినాయకుళ్ళు విరివిగా దర్శనమిస్తారు. పాత పేటల్లో ఇంతమంది కనబడరు. జనంలో భక్తి పెరిగిందని మురిసిపోవచ్చు గాని, అసలు కారణం అది కాదు. ఒక వీధి ఇంకో వీధిని దాటుకుని ముందుకు పోతే పోటు లేదు. వచ్చిన వీధి ఎవరి గోడకో తగిలి ఆగిపోతేనే పోటు. అంటే ఎంతమంది వినాయకుళ్ళుంటే అన్ని వీధులు ఆగిపోయాయన్నమాట. పోటు తగిలింది ఇంటికని మనం దిగులు పడుతున్నాం. ఆగిపోయిన వీధి సంగతి అడిగేవాడు లేడు. ఆ సంగతే కాసేపు మాట్లాడుకుందాం.

వీధులకి నాడి చూసే వైద్యులు కూడా వున్నారు. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిలర్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచంలోని వీధుల పటాలు ముందేసుకుని ఒక చిన్న ప్రశ్న అడిగారు. ఒక కూడలిలో నిలబడితే ఎన్ని దారులు కనిపిస్తాయి? నాలుగైతే నాలుగు రోడ్ల కూడలి. మూడైతే ఒక దారి ఎదురుగోడకి తగిలిందని అర్థం. ఒకటే అయితే అది గొంది; వచ్చినదారినే వెనక్కి పోవాలి. దీనితోబాటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాకి ఎగిరే దూరమెంత, మనిషి పోవలసిన దూరమెంత అని కూడా లెక్క కట్టారు. 2020లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల సారాంశం ఏమిటంటే, 1975 నుంచి ప్రపంచంలో చాలాచోట్ల కొత్తగా పడ్డ వీధులు పాత వీధులకంటె ఎడమొహం పెడమొహంగా వున్నాయి. అమెరికాలో 1990ల దాకా ఈ జబ్బు ముదిరి, ఆ తర్వాత కాస్త తగ్గుముఖం పట్టిందని అంతకుముందే, 2015లో తేల్చారు. దక్షిణ అమెరికాలో మటుకు గళ్ళగళ్ళుగా వీధులు వేసుకునే పాత అలవాటు కొన్ని దేశాలు వదులుకోలేదు. వాళ్ళ లెక్కకి ఉపగ్రహాలూ కంప్యూటర్లూ కావలసి వచ్చాయి. మనకి అంత ఖర్చు అక్కర్లేదు. గోడ వినాయకుళ్ళని లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

మనవాళ్ళకి పూర్వం ఊరు కట్టడం తెలియదని కొందరంటారు. తెలియకేం? తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ, శ్రీకాళహస్తిలో ఈశ్వరుడి గుడి చుట్టూ మాడవీధులున్నాయి. నాలుగు వీధులు, నాలుగు మూలలు. ఎక్కడ బయలుదేరినా సరే, ముందుకే నడిచి, బయలుదేరిన చోటికే వస్తారు. తెలుగు నాయకులు ఏలిన మదురైలోనైతే ఆడి వీధులు, చిత్తిరై వీధులు, మాసి వీధులు అని నెలల పేర్లు పెట్టుకుని, ఒకదాని వెలుపల ఒకటిగా గుడిని చుట్టుకుని వున్నాయి. ఇదంతా ఎందుకంటారు? రథానికి రివర్సు గేరు లేదు! వందలమంది పగ్గాలు పట్టి లాగే తేరు ఒక సందులో ఇరుక్కుంటే దాన్ని వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. అందుచేత తేరు తిరిగే ఊళ్ళో వీధి వెడల్పుగా వుండాలి, మూల విశాలంగా వుండాలి, ఎక్కడా ఆగిపోకూడదు. యేడాదికి ఒకరోజు దేవుడు తిరగడానికి వేసిన దారిలో మిగతా రోజులన్నీ మనుషులు తిరిగారు. ఇప్పుడు రింగురోడ్డు అంటూ పెద్ద పెద్ద మాటలు చెబుతున్నాం గాని, మాడవీధి అంటే అదే కదా.

అలాగని పాతకాలమంతా బంగారం అనబోవడం లేదు. గుడి వీధి తేరుకి తెరిచివుంది సరే, అందరికీ తెరిచివుందా? మా రాయలసీమ పల్లెలు పాళెగాళ్ళ రోజుల్లో చుట్టూ గోడా, మూలల బురుజులూ పెట్టుకుని కోటల్లా వుండేవి. పొద్దుగూకితే ఊరివాకిలి మూసేసేవారు. ఈనాడు కాలనీకి పెద్ద గేటు పెట్టి, కాపలావాణ్ణి నిలబెట్టి, ఇదేదో అమెరికానుంచి వచ్చిన నాగరికత అని చెప్పుకుంటున్నారు. మా తాతలకి అది దొంగల భయానికి కట్టుకున్న పాత అలవాటు! 1800 నుంచి 1807 దాకా దత్తమండలానికి కలెక్టరుగా వున్న థామస్ మన్రో పాళెగాళ్ళని అణిచాడు. ఆ తర్వాత బురుజులతో పని తీరిపోయింది. అవి కూలుతూ వచ్చాయి, రాళ్ళు ఇళ్ళ పునాదుల్లోకి పోయాయి, వాకిళ్ళు తలుపులు లేకుండా మిగిలాయి.

రాతిగోడలు పడినంత సులభంగా రెండో గోడ పడలేదు. ఊళ్ళో ఏ వీధి ఎవరిదో కులాన్ని బట్టి వుండేది. కొన్ని వీధుల్లోకి కొందరు రాకూడదు. వచ్చినా చెప్పులు చేతబట్టుకుని రావాలి. తిరువాంకూరులో వైక్కం గుడి చుట్టూ వున్న దారుల్లో నడిచే హక్కుకోసం 1924, 25 సంవత్సరాల్లో సత్యాగ్రహం జరిగింది. గుడిలోకి కాదండీ, గుడి పక్క దారిలోకి! ఆ 1924లోనే మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టారు. ప్రజల దారులు, బావులు, సత్రాలు అణగారిన కులాలవాళ్ళకి కూడా తెరిచివుండాలని. తీర్మానం నెగ్గింది. అప్పుడు మా ప్రాంతం మద్రాసు రాజధానిలో వుండేది గనుక ఆ మాట మా పల్లెలకీ వర్తించింది. కాగితం మీద తెరుచుకున్న వీధి కాళ్ళకింద తెరుచుకోవడానికి ఇంకా చాలా యేళ్ళు పట్టింది. ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, వీధి కలవడం అనేది ఇంజనీర్ల వ్యవహారం మాత్రమే కాదు. వీధి ఆగినచోట ఎవరో ఒకరిని ఆపేస్తున్నారు.

ఇక మా మూలకి వద్దాం. బైరెడ్డిపల్లె అనే ఊరు పలమనేరునుంచి కుప్పం పోయే దారిలో వుంది. తెలుగు నేల అక్కడ సన్నబడి, ఒకపక్క కన్నడం, ఇంకోపక్క అరవం వినిపించేంత దగ్గరకి వస్తుంది. సంతలో బేరమాడే మనిషి మూడు భాషల్లో తగ్గించమని అడగగలడు. ఈ ప్రాంతం చరిత్రంతా దారుల చరిత్రే. మద్రాసు తీరంనుంచి మైసూరు పీఠభూమికి ఎక్కాలంటే కనుమలు దాటాలి. వాటిలో ఒకటి చిత్తూరుకీ పలమనేరుకీ నడుమ వున్న మొగిలి కనుమ. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలీసు టిప్పూసుల్తాను మీదికి పోతూ, ఆంబూరు వైపు ఎక్కుతున్నట్టు నటించి, దండునంతా ఈ మొగిలి కనుమ మీదుగా పైకి ఎక్కించాడు. టిప్పు సేనలు వేరే కనుమల దగ్గర కాసుకుని వుండగానే వాళ్ళు ముళబాగిలు, కోలారు దాటిపోయారు. మార్చిలో బెంగుళూరు కోట పట్టుకున్నారు. దారి తెలిసినవాడిదే రాజ్యం అనడానికి ఇంతకంటె ఏం కావాలి?

తర్వాత రైలు వచ్చింది. 1864లో మద్రాసునుంచి బెంగుళూరు దాకా రైలు పడినప్పుడు అది మొగిలి కనుమ ఎక్కలేదు. దక్షిణంగా జోలారుపేట మీదుగా చుట్టుతిరిగి కుప్పం పక్కగా పోయింది. 1890లలో పాకాలనుంచి ధర్మవరానికి ఇంకో లైను పడింది. అది ఉత్తరంగా మదనపల్లె వైపు పోయింది. నడుమన వున్న బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరులకి కూత కూడా వినపడలేదు. మదనపల్లెకయినా రైలు వచ్చిందనుకోకండి. దాని స్టేషను ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల, చినతిప్పసముద్రం దగ్గర వుంది. పేరు మదనపల్లె రోడ్డు. రైల్వేవాళ్ళ భాషలో ఊరిపేరు పక్కన రోడ్డు అని కనిపిస్తే, "ఇక్కడ దిగితే ఊరు రాదు నాయనా, ఊరికిపోయే రోడ్డు వస్తుంది" అని అర్థం చేసుకోవాలి. స్టేషనుకి ఊరి పేరు దక్కింది గాని, ఊరికి స్టేషను దక్కలేదు.

జిల్లాల గీతలు కూడా మారుతూ వచ్చాయి. 1911 ఏప్రిల్ 1న కడప జిల్లానుంచి మదనపల్లెనీ, ఉత్తర ఆర్కాటునుంచి పలమనేరునీ తెచ్చి చిత్తూరు జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న మదనపల్లెని తీసి అన్నమయ్య జిల్లాలో కలిపారు. పటాల మీద గీతలు ఎటు మారినా కింద బండిబాటలు మటుకు మారలేదు. కారణం వుంది. మద్రాసు సర్కారువారు భూములు కొలిచినప్పుడు ప్రతి చేనుకీ ఒక సర్వేనంబరు ఇచ్చి, హద్దురాళ్ళు పాతి, బండ్లుపోయే బాటల్ని పోరంబోకుగా వేరే రాశారు. హద్దులు కాపాడ్డానికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. చేను చేతులు మారుతుంది, బాట ఎవరి పేరా రాసుకోవడానికి వీల్లేదు. ఈనాడు మన ఊళ్ళలో ఈ చివరినుంచి ఆ చివరికి తెగకుండా పోయే రోడ్డు ఏదైనా వుంటే, దాని కింద చాలాసార్లు ఒక పాత బండిబాట వుంటుంది. ఎద్దులు వేసిన దారి లారీలకి పనికొచ్చింది.

ఊళ్ళు పెరగడం మొదలైనప్పుడు ఈ రోడ్ల వెంబడే పెరిగాయి. ముందు బస్సు ఆగేచోట ఒక టీ అంగడి. దాని పక్కన సైకిలు పంక్చరు. ఆ పక్కన ఎరువుల అంగడి, వెల్డింగు షాపు, కల్యాణమండపం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బైరెడ్డిపల్లె లాంటి ఊళ్ళు మండల కేంద్రాలయ్యాయి. ఆఫీసులు కట్టడానికి ఊరి నడుమ చోటెక్కడిది? రోడ్డు పక్కన సర్కారు జాగా ఎక్కడుంటే అక్కడికి పోయాయి. ఆఫీసుల వెంట జెరాక్సు షాపులు, స్టాంపు వెండర్లు, హోటళ్ళు పోయాయి. ఇలాంటి ఊరు జెర్రిలాగా తయారవుతుంది. నడుమ పెద్దరోడ్డు దాని ఒళ్ళు, రెండుపక్కలా వున్న సందులు కాళ్ళు. జెర్రికి ఎన్ని కాళ్ళున్నా ఒక కాలు ఇంకో కాలితో కలవదు. ఈ సందులోంచి పక్క సందులోకి పోవాలంటే పెద్దరోడ్డు ఎక్కి దిగవలసిందే. ఊళ్ళో ప్రతి పనీ పెద్దరోడ్డు మీదికే వస్తుంది. ఉప్పు పొట్లానికి పోయే పిల్లవాడూ, మద్రాసు పోయే లారీ అక్కడే ఎదురుపడతారు. ఇంగ్లండులో కూడా ఇదే రోగం వచ్చి, రోడ్లవెంట ఊళ్ళు సాగిపోకుండా 1935లో చట్టం చెయ్యవలసి వచ్చింది.

మన మద్రాసు రాజధానికి అంతకంటె ముందే చట్టం వచ్చిందంటే నమ్ముతారా? దాని వెనక ఒక తమాషా కథ వుంది. స్కాట్లండునుంచి పాట్రిక్ గెడ్డెస్ అనే పెద్దమనిషి 1914లో ఇండియాకి బయలుదేరాడు. జీవశాస్త్రం చదువుకున్నవాడు. ఊరు కూడా ప్రాణమున్నదే అని నమ్మినవాడు. నగరాల పటాలూ నమూనాలూ పెద్ద ప్రదర్శనగా కూర్చి ఓడలో పంపించాడు. ఆ ఓడని ఎండెన్ ముంచేసింది. అవును, 1914 సెప్టెంబరులో మద్రాసు మీద గుళ్ళు కురిపించి జనాన్ని ఊళ్ళు విడిచి పరిగెత్తించిన జర్మను ఎండెనే. పాపం గెడ్డెస్ కుంగిపోలేదు. స్నేహితుల సాయంతో మళ్ళీ పటాలు పోగుచేసి 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. తర్వాత తంజావూరు, మదురై వంటి ఊళ్ళు కాలినడకన తిరిగాడు. ఇరుకు పేటలు కనిపిస్తే కూల్చి తిన్నని రోడ్లు వెయ్యడం అప్పటి ఇంజనీర్ల వైద్యం. గెడ్డెస్ అది వద్దన్నాడు. పాడుబడ్డ ఇల్లు ఒకటీ అరా తీసేసి, మూసుకుపోయిన సందుని పక్క సందుతో కలిపి, అక్కడ ఒక చెట్టు నాటితే చాలునన్నాడు. కాలు తియ్యకుండా ముల్లు తీసే వైద్యం అది. ఇలాంటి ఆలోచనల ఊపులోనే 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తర్వాత కూడా ఆ చట్టాన్నే మన కోస్తా, రాయలసీమలు వాడుకుంటూ వచ్చాయి. ఎవరి పొలం ఎవరిదైనా, రాబోయే వీధుల గీతలు ముందే గీసిపెట్టవచ్చునని అది చెప్పింది.

చట్టం చెప్పింది, మనం విన్నామా? విననే లేదు. జరిగిందేమిటో చూడండి. రోడ్డుపక్క నాలుగెకరాల ఆసామికి ఒకరోజు వేరుశెనగ కంటె ప్లాట్లు లాభమని తోస్తుంది. సున్నం చల్లి గళ్ళు గీస్తారు, రాళ్ళు పాతుతారు, రంగుజెండాలు కడతారు. తన చేనులో ఎన్ని ప్లాట్లు పడితే అన్ని కోసుకుంటాడు, వీధి తన గట్టు దాకా వేసి ఆపుతాడు. రెండేళ్ళకి పక్కచేను ఆసామి కూడా మేలుకుంటాడు. ఆయన తన లెక్కలో తన వీధులు వేసుకుంటాడు. ఈయన వీధి తూర్పుగా ఎక్కడికి వచ్చి ఆగిందో ఆయనకి పట్టదు. సరిగ్గా ఆ చోట ఆయన ప్లాటు నంబరు పదిహేడు వుంటుంది! ఆ ప్లాటు కొన్నవాడు గోడలో వినాయకుణ్ణి పెట్టించుకుంటాడు. ఒకనాడు పొలాలకి హద్దుగా వున్న గట్టు ఈనాడు ఊరిని రెండుగా కోసే గోడ అయింది. ఎద్దుని కాడి కట్టి తిప్పడానికి గీసిన గీత మీద మనుషుల్ని తిప్పుతున్నాం.

అటువంటి ఒక కాలనీకి ఒకసారి పనిమీద పోయాను. పేరు చెప్పను, మీ ఊళ్ళోనూ వుంది. వెతుకుతున్న ఇల్లు గోడకి అవతల కనబడుతూనే వుంది. మేడ మీద ఆరవేసిన బట్టలు కూడా కనబడుతున్నాయి. అక్కడ గోలీలాడుతున్న పిల్లవాణ్ణి అడిగాను.

"అబ్బోడా, ఈ సందులో పోతే ఆ ఇంటికి పోవచ్చునా?"

"పోవచ్చు సార్, గోడ దూకాల, అంతే!"

"దూకకుండా పోవాలంటే?"

"మళ్ళా మెయిన్ రోడ్డుకి పొయ్యి, పెట్రోలు బంకు కాడ తిరుక్కోవాల. ఆటో మాట్లాడుకో సార్, ఎండగా వుండాది."

ఇరవై గజాల దూరానికి ఆటో! ఆ పిల్లవాడు నవ్వుతాలుకి అనలేదు, నిజంగా దయతలచి అన్నాడు. నవ్వులాటకి బాగానే వుంది గాని, దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఆలోచించండి. మోటారుసైకిలు వున్నవాడికి ఇది అయిదు నిమిషాల చుట్టు. బిందె మోసే ఆడమనిషికి, కర్ర పట్టుకు నడిచే ముసలాయనకి, బడిసంచీ మోసే పిల్లకి అది ఎండలో అరగంట. కూరగాయల తోపుడుబండి గొందిలోకి రాదు. పోయి అంతే దూరం తిరిగి రావాలి గనుక. బస్సు అసలు తిరగదు. 2005లో మన రాష్ట్రంలో 108 బండ్లు వచ్చాయి. ఫోను చేస్తే వస్తాయి. సందు ఎక్కడ మూసుకుపోయిందో ఫోనులో ఎవరు చెబుతారు? ఒక్క గోడ తలుపు తెరుచుకుంటే తీరే కష్టానికి ఇంటింటికీ ఒక బండి కొనుక్కుని, ఆ బండ్లన్నీ ఒకే రోడ్డు మీదికి వచ్చి ఇరుక్కుని, "ఊళ్ళో ట్రాఫిక్ పెరిగిపోయిందండీ" అని వాపోతున్నాం.

గొంది వీధులు నాగరికతకి గుర్తని మనకి నేర్పినవాళ్ళ కథ కూడా వినాలి. 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే ఊరు కట్టారు. కార్ల బెడద లేకుండా ఇళ్ళముందు వీధుల్ని కావాలనే గొందులుగా వేశారు. అక్కడి ప్రభుత్వ గృహరుణాల సంస్థ 1930లలో ఆ పద్ధతిని మెచ్చుకుని ప్రచారం చేసింది. అప్పులిచ్చేవాడు మెచ్చితే కట్టేవాడు కట్టక ఛస్తాడా? దేశమంతా పాకింది. కాని రాడ్‌బర్న్‌లో ఇళ్ళ వెనక తోటల్లోంచి మనుషులు నడిచే బాటలు వేరే వున్నాయి. రోడ్డు కిందనుంచి దాటే సొరంగదారి కూడా పెట్టారు. కారు ఆగుతుంది, మనిషి ఆగడు. అదీ దాని కిటుకు. మనవాళ్ళు గొందిని తెచ్చుకున్నారు, బాటని అక్కడే వదిలేశారు.

పోనీ తర్వాత దిద్దుకోవచ్చునా? పంచాయతీల్లో లే-అవుట్లకి 2002లో నిబంధనలు వచ్చాయి. అనుమతి లేని లే-అవుట్లని క్రమబద్ధం చెయ్యడానికి 2007 చివర ఒకసారి, 2020లో ఇంకోసారి పథకాలు పెట్టారు. రుసుము కట్టించుకుని కాగితం ఇస్తారు. ప్లాటు కొన్న మధ్యతరగతి మనిషికి అది పెద్ద ఊరట, కాదనను. కాని రుసుము కట్టినందువల్ల ప్లాటు సక్రమం అవుతుంది గాని, వీధి అవతలికి పోదు. పార్కు లేనందుకు డబ్బు తీసుకోవచ్చు, ఆ డబ్బుతో ఇంకోచోట పార్కు వెయ్యవచ్చు. కలవని వీధికి బదులు ఇంకోచోట వీధి కలిపితే ఏం లాభం? ఇల్లు యాభై యేళ్ళకి పడగొట్టి మళ్ళీ కడతారు. నీటిగొట్టాలు తుప్పుపడితే మారుస్తారు. వీధి ఒకసారి పడిందంటే ఎన్ని తరాలైనా అంతే. మదురై మాసి వీధుల పక్కన ఇళ్ళెన్ని మారాయో ఎవరికీ తెలియదు, వీధులు మటుకు వున్నచోటే వున్నాయి. మంచివీధికి ఎంత ఆయుష్షో, మూసుకుపోయిన సందుకీ అంతే ఆయుష్షు.

మా వైపు ఈ పాఠం ఒక్క ప్రాణికే బాగా వంటబట్టింది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఏనుగుకి తన దారి తనకి వుంటుంది. అడ్డంగా కందకం తవ్వినా, కంచె వేసినా ఎక్కడో ఒకచోట దాటుకుని తన దారినే పోవాలని చూస్తుంది. దానికి వీధిపోటు తగిలితే గోడలో వినాయకుణ్ణి పెట్టించుకోదు, ఆ గోడనే తోసేస్తుంది. ఆయన వంశానిదే కదా మరి! ఆ దాటే దారిలో చేలు పాడయ్యే రైతు గోడు వేరే వుంది. దారి తెగితే నష్టం ఒకవైపే వుండదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు బైరెడ్డిపల్లె పేరు మళ్ళీ పటాలకెక్కింది. బెంగుళూరునుంచి చెన్నైకి దాదాపు 260 కిలోమీటర్ల కొత్త ఎక్స్‌ప్రెస్‌వేకి 2022 మే 26న శంకుస్థాపన జరిగింది. అందులో ఆంధ్రదేశం వాటా ఎనభయ్యయిదు కిలోమీటర్లు. కాంట్రాక్టు కాగితాల్లో బేతమంగళ-బైరెడ్డిపల్లె ఒక భాగం, బైరెడ్డిపల్లె-బంగారుపాళ్యం ఇంకో భాగం. రెండు రైలులైన్ల నడుమ కూత వినకుండా వుండిపోయిన ఊరు, 120 కిలోమీటర్ల వేగానికి తీర్చిన రోడ్డుకి మజిలీ పేరయింది. కర్ణాటకలో దాదాపు డెబ్బయి కిలోమీటర్ల ముక్క 2024 డిసెంబరులో తెరిచారు. సంతోషించవలసిన సంగతే. మామిడికాయలూ టమాటాలూ మగ్గిపోకముందే బజారు చేరతాయి.

అయితే ఇది పాత మొగిలి రోడ్డులాంటిది కాదు. ఆ రోడ్డు మీదికి ప్రతి పల్లెనుంచీ ఒక బాట వచ్చి కలిసేది. ఎక్కడైనా ఎక్కవచ్చు, ఎక్కడైనా దిగవచ్చు. ఈ కొత్తదానికి రెండుపక్కలా కంచె. ఎక్కడానికి కొన్నే చోట్లు. మోటారుసైకిలుకీ, ఆటోకీ, ట్రాక్టరుకీ, ఎద్దుబండికీ నియమం ప్రకారం ప్రవేశం లేదు. అంటే పల్లెలో ఎక్కువమందికి వున్న బండ్లేవో వాటికే ప్రవేశం లేదన్నమాట. ఆ పక్కల ఒక రైతు పెద్దాయన నాతో ఒక మాట అన్నాడు. "బెంగుళూరు దగ్గరయింది సామీ, మా మామిడితోటే దూరమయింది." ఇల్లు కట్టకి ఒకపక్క, తోట ఇంకోపక్క. కిందనుంచి దాటే వంతెనదారి ఎక్కడుంటే అక్కడికి పోయి రావాలి. ఆయనకి ఎక్స్‌ప్రెస్‌వే అంటే నాలుగు వరసల రోడ్డు కాదు, ఆ ఒక్క వంతెనదారి. అది ఎక్కడ పెట్టారు, ట్రాక్టరు గడ్డిలోడుతో పట్టేటంత ఎత్తుందా, వానకి నీళ్ళు నిలుస్తాయా — ఈ మూడు ప్రశ్నల్లో ఆయన బతుకుంది. మహానగరాన్ని మహానగరంతో కలిపేటప్పుడు, ఇంటిని చేనుతో కలిపే దారి తెగిందేమో ఎవరో ఒకరు చూడాలి.

పెద్దరోడ్డు వచ్చినచోటికి ప్లాట్ల జెండాలు తప్పకుండా వస్తాయి. ఇవాళ చింతచెట్లూ, మల్బరీ తోటలూ వున్న నేల రేపు కాలనీ అవుతుంది. అందుకు ఏడ్చి లాభం లేదు, జనానికి ఇళ్ళు కావాలి. కావలసిందల్లా వీధుల గీతలు జెండాలకంటె ముందు రావడం. న్యూయార్కువాళ్ళు 1811లో మన్‌హటన్ దీవి మీద నూట యాభై అయిదో వీధిదాకా గీతలు గీసిపెట్టారు. అప్పటికి ఊరు దీవి దక్షిణపు కొసన కాస్త వుంది. మిగతాదంతా కొండలూ, పొలాలూ, వాగులే. పిచ్చివాళ్ళని నవ్వినవాళ్ళు నవ్వారు. ఊరు వెనకనుంచి నడుచుకుంటూ వచ్చి ఆ గీతల్ని నింపుకుంది. మనకీ 2019లో పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ అని ఒకటి ఏర్పాటు చేశారు. ఇలాంటి సంస్థలకి సర్వేనంబర్ల మీదుగా గీతలు గియ్యడానికి అధికారం వుంటుంది. గియ్యవలసినవి ఎన్నో అక్కర్లేదు. రెండు ఫర్లాంగులకి ఒక వీధి తెగకుండా పోతే చాలు. ఏ లే-అవుటు వేసినా దాని వీధి ఒకటి పక్కచేనులోకి పోయేట్టు కొస వదలాలి. కారు రాకూడదని గోడ కట్టుకునేవాళ్ళు, మనిషి పట్టే సందయినా అందులో వుంచాలి. అన్నిటికంటె ముందు, పాత బండిబాటని ఎవరి ప్రహరీలోనూ కలిసిపోనివ్వకూడదు.

ఆ చివరి పనికి మాస్టరు ప్లానుకోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. మీ ఊరి గ్రామపటం రెవెన్యూవాళ్ళ దగ్గర వుంటుంది. ఈసారి పహాణీ నకలుకో, పాసుపుస్తకానికో పోయినప్పుడు, ఆ పటం కూడా ఒకసారి చూపించమనండి. అందులో చేల నడుమ జంటగీతలుగా పోతుంది బాట. ఎవరి పేరూ వుండదు. దాన్ని వేలితో పట్టుకుని ఈ కొసనుంచి ఆ కొసదాకా పొండి. తర్వాత బయటికి వచ్చి, అదే దారిన కాళ్ళతో నడవండి. వేలు పోయినంత దూరం కాలు కూడా పోతే మీ ఊరు అదృష్టవంతమైన ఊరు. ఎక్కడైనా కాలు ఆగిపోయిందా, అక్కడ నిలబడి, ఎవరు అడ్డం కట్టారని గట్టిగా అడగండి. అడిగేవాడికి కూడా మనవలుంటారు, వాళ్ళు ఆ దారినే బడికి పోవాలి.